రిగ్గింగ్ సరిగా లేని పట్టుచీర, లంగావోణీ సెట్ల గురించి ఫిర్యాదు

మేనేజర్ గారికి,
త్రీడీ అసెట్స్ విభాగం, హైదరాబాద్.

విషయం: సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ త్రీడీ ప్రపంచంలో అమ్మడానికి మీ స్టూడియోలో చేయించుకున్న చీర, లంగావోణీ సెట్ల లోపాలు సరిచేసి ఇవ్వడం, లేదా డబ్బు వాపసు ఇవ్వడం గురించి.

అయ్యా,

నేను సెకండ్ లైఫ్‌లో అవతార్లకి, అంటే అక్కడ మనుషుల తరఫున తిరిగే బొమ్మలకి, బట్టలు అమ్మే చిన్న షాపు నడుపుకుంటున్నాను. ఇదే నా జీవనాధారం. డిజైన్లు, టెక్స్చర్లు (బట్ట మీద వేసే రంగులు, అంచుల చిత్రాలు) నేనే చేసుకుంటాను, మెష్ (బట్ట త్రీడీ ఆకారం) తయారీ, రిగ్గింగ్ (బట్ట ఒంటితో పాటు కదిలేలా దాన్ని అవతార్ ఎముకలకి, అంటే బోన్లకి, ముడిపెట్టడం) మాత్రం బయట ఇస్తాను. దీపావళికి షాపులో పెడదామని ఒక పట్టుచీర, ఒక లంగావోణీ మీకు అప్పగించాను. మీ కొటేషన్‌లో ‘ఫిట్టెడ్ మెష్, అన్ని బాడీ స్లైడర్లకూ సరిపోతుంది, అప్‌లోడ్‌కి సిద్ధం’ అని స్పష్టంగా రాసి ఉంది (స్లైడర్లంటే అవతార్ ఒంటి కొలతలు మార్చుకునే మీటలు). ఆ మాట నమ్మి సగం డబ్బు అడ్వాన్సుగా కట్టాను, ఫైళ్ళు ఇచ్చే ముందు మిగతాది కూడా అడిగితే అదీ కట్టేశాను. తీరా వచ్చిన ఫైళ్ళు అమ్మకానికి పనికొచ్చేలా లేవు. ఈ సంగతి ఫోన్లో చెప్పిన ప్రతిసారీ ‘మా రెండర్‌లో బాగానే ఉంది మేడమ్’ అనే జవాబే వస్తోంది. అందుకే అన్నీ వివరంగా రాస్తున్నాను.

మీరు పంపిన రెండర్ చిత్రం నేనూ చూశాను. చేతులు చాపి కదలకుండా నిలబడ్డ బొమ్మ మీద చీర అందంగానే ఉంది. కానీ నా దగ్గర కొనుక్కునేవాళ్ళు నడుస్తారు, కూర్చుంటారు, దణ్ణం పెడతారు, డాన్స్ చేస్తారు. అందుకే మీ ఫైల్‌ని సెకండ్ లైఫ్‌లో పరీక్షలకి వాడే అదితిలో అప్‌లోడ్ చేసి, నా అవతార్‌కి కట్టి చూశాను.

ముందు పైట సంగతి. ఎడమ భుజం మీదుగా వెనక్కి జారే పైట, ఒంటితో పాటు కదలాలి. అంటే వెనక వేలాడే భాగం వెయిట్స్ (ఏ బోన్‌తో పాటు ఎంత కదలాలో చెప్పే లెక్కలు) ఛాతీ, నడుము బోన్లకి ఉండాలి. మీ ఫైల్‌లో ఆ భాగం చాలావరకు ఎడమ చేతి బోన్‌కి అంటుకుని ఉంది. అవతార్ నమస్కారం పెడితే వీపు మీద ఉండాల్సిన పైట చేతితో పాటు లేచి ముందుకి వచ్చేస్తోంది, వీపంతా ఖాళీగా మిగిలిపోతోంది. ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బాడీ నుంచి బట్టకి డేటా ట్రాన్స్‌ఫర్ పెడితే, బట్టలోని ప్రతి పాయింటూ తనకి దగ్గరలో ఉన్న చర్మం వెయిట్ తీసుకుంటుంది. వేలాడే పైటకి పక్కనే ఉన్నది చెయ్యి కాబట్టి చేతి వెయిట్ వచ్చి పడింది. ఆ ట్రాన్స్‌ఫర్ తర్వాత ఎవరో ఒకరు కూర్చుని చేత్తో వెయిట్ పెయింట్ చేయాలి. రిగ్గింగ్‌లో అసలు పని అక్కడే మొదలవుతుంది, నేను డబ్బు కట్టింది కూడా ఆ పనికే.

కుచ్చిళ్ళది కూడా ఇదే సమస్య. మధ్యగీతకి ఎడమవైపు ఉన్న పాయింట్లన్నీ ఎడమ తొడ బోన్‌కి, కుడివైపువన్నీ కుడి తొడ బోన్‌కి పూర్తి బలంతో ఉన్నాయి. అవతార్ ఒక్క అడుగు వేస్తే చాలు, కుచ్చిళ్ళు నిలువునా రెండుగా సాగిపోయి చీర కాస్తా ప్యాంటులా అయిపోతోంది. లంగా అయితే మధ్యలో లోయలా దిగిపోతోంది. ఆ మధ్య భాగాన్ని రెండు తొడలూ పంచుకునేలా, ఒకవైపు నుంచి ఇంకోవైపుకి మెల్లగా తగ్గిస్తూ వెయిట్స్ వేయాలి. ఒక్కో వెర్టెక్స్‌కి, అంటే పాయింటుకి, నాలుగు బోన్ల వరకే అనుమతి ఉంటుంది కాబట్టి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ఆలోచించి చేయాలి. ప్యాంట్లు, షర్టులు రిగ్ చేసే అలవాటుతో చీర చేస్తే ఇలాగే ఉంటుంది. ‘ఇండియన్ వేర్ స్పెషలిస్టులం’ అని మీరు చెప్పుకుంటున్నారు కాబట్టే మీ దగ్గరికి వచ్చాను.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది స్లైడర్ల విషయం. సెకండ్ లైఫ్‌లోకి మెష్ 2011లో వచ్చింది. అప్పట్లో మెష్ బట్టలు ఎముకల్ని అనుసరించేవి గానీ ఒంటి తీరుని కాదు. పొట్ట, ఛాతీ స్లైడర్లు జరిపితే చర్మం బయటికి పొడుచుకు వచ్చేది. ఒకే జాకెట్టుని నాలుగైదు సైజుల్లో చేసి అమ్ముకునేవాళ్ళు. ఆ బాధ తీర్చడానికే 2014లో ఫిట్టెడ్ మెష్ వచ్చింది. పొట్ట, ఛాతీ, నడుము, పిరుదుల దగ్గర ఉండే కొలిజన్ వాల్యూమ్‌లకి (స్లైడర్‌తో పెరిగే, తగ్గే ప్రత్యేక బోన్లకి) కూడా వెయిట్స్ ఇస్తే, స్లైడర్ జరిపినప్పుడు బట్ట కూడా ఒంటితో పాటు సాగుతుంది. మీ జాకెట్టు ఫైల్ తెరిచి చూస్తే ఆ వాల్యూమ్‌లలో ఒక్కదానికి కూడా వెయిట్ లేదు. మామూలు బోన్లు తప్ప ఇంకేమీ లేవు. మరి కొటేషన్‌లో ‘ఫిట్టెడ్’ అని ఏ లెక్కన రాశారు?

నా కస్టమర్లలో కాస్త ఒళ్ళున్న అవతార్లు వాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు కావాలనే తమ అసలు రూపానికి దగ్గరగా చేసుకుంటారు. నడుము మడత కనిపించేలా చీర కట్టుకోవాలని వాళ్ళకీ ఉంటుంది. సన్నటి బొమ్మకి మాత్రమే సరిపోయే చీరని వాళ్ళకి నేను అమ్మలేను. అమ్మను కూడా.

ఇక జరీ అంచు. చీర ఒకే పొడుగాటి గుడ్డ. దాని యూవీ (టెక్స్చర్ అతికించడానికి మెష్‌ని బల్లపరుపుగా విప్పిన పటం) కూడా ఒకే పొడుగాటి పట్టీలా పరిస్తేనే అంచు ఆ చివర నుంచి ఈ చివర దాకా తెగకుండా వస్తుంది. మీ వాళ్ళు పైటని ఒక ముక్కగా, కుచ్చిళ్ళని ఇంకో ముక్కగా, వెనకభాగాన్ని మరో ముక్కగా విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో దిక్కుకి తిప్పేశారు. నేను గీసిన గద్వాల అంచు నడుము దగ్గరికి వచ్చేసరికి అడ్డం తిరుగుతోంది. గద్వాలలో నూలు చీరకి పట్టు అంచు ఎంత ఓపిగ్గా కలిపి నేస్తారో చూసినవాళ్ళెవరైనా అంచుని ఇలా వదిలేయరు.

పైగా జరీ బుటీలన్నిటినీ టెక్స్చర్‌లో, నార్మల్ మ్యాప్‌లో (ఎత్తుపల్లాలు ఉన్నట్టు కనిపించేలా చేసే చిత్రంలో) చూపించే బదులు విడివిడిగా మెష్‌గా చెక్కారు. దగ్గర నుంచి చూస్తే మెరుస్తుంది, నిజమే. కానీ దానివల్ల అవతార్ కాంప్లెక్సిటీ (దాన్ని చూపించడానికి కంప్యూటర్ మీద పడే భారం) విపరీతంగా పెరిగిపోయింది. పదిమంది చేరిన చోట ఎవరైనా తమ వ్యూయర్ ప్రోగ్రామ్‌లో కాంప్లెక్సిటీ పరిమితి పెట్టుకుని ఉంటే, ఈ చీర కట్టుకున్న మనిషి వాళ్ళకి ఒకే రంగు ముద్దలా కనిపిస్తుంది. పండక్కని ముస్తాబై వెళ్ళిన మనిషికి ఎలా ఉంటుంది చెప్పండి? దూరం నుంచి చూసినప్పుడు కనిపించే తేలికపాటి మెష్‌లు, అంటే ఎల్‌ఓడీలు, కూడా ఆటోమేటిక్‌గా వదిలేశారు, కాస్త వెనక్కి జరిగితే లంగా ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది. ఒంటిని దాచే ఆల్ఫా లేయర్ ఒప్పందంలో ఉంది, ప్యాకేజీలో లేదు.

ఇవన్నీ మీరే పట్టుకోవాల్సిన తప్పులు. సెకండ్ లైఫ్ అసలు గ్రిడ్‌ని అగ్ని అంటారు, పరీక్షలకి వాడే గ్రిడ్‌ని అదితి అంటారు. అదితిలో అప్‌లోడ్‌కి నిజమైన డబ్బు పెట్టాల్సిన పనిలేదు. ఒక్కసారి అక్కడ ఎక్కించి, నాలుగడుగులు నడిపించి, పొట్ట స్లైడర్ అటూ ఇటూ జరిపి ఉంటే ఈ ఉత్తరం రాసే అవసరం వచ్చేది కాదు.

ఇంకో సందేహం కూడా ఉంది. నేను చెప్పిన మెష్ బాడీ డెవ్ కిట్ (ఆ బాడీకి బట్టలు చేయడానికి దాని తయారీదారు ఇచ్చే ఫైళ్ళు) మీ దగ్గర సొంత లైసెన్సుతో ఉందని మొదట్లోనే అడిగి తెలుసుకున్నాను. నా కిట్ ఇంకొకరికి ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టే అడిగాను. కానీ మీ జాకెట్టు చంకల దగ్గర, ఛాతీ కింద ఒంటిని వదిలి గాల్లో తేలుతోంది. పాత వెర్షన్ కిట్ మీద గానీ, వేరే బాడీ మీద గానీ చేశారేమోనని అనుమానంగా ఉంది. ఏ కిట్, ఏ వెర్షన్ వాడారో రాతపూర్వకంగా చెప్పండి.

దీపావళి సీజన్ పోయింది. ప్రకటన చూసి ఎదురుచూసిన పాత కస్టమర్లకి సమాధానం చెప్పుకోలేక టెన్షన్ పడ్డాను. ఆ నష్టం మీ నుంచి అడగడం లేదు. రెండు సెట్లనీ కొలిజన్ వాల్యూమ్ వెయిట్స్‌తో, సరైన యూవీతో, ఎల్‌ఓడీలతో, ఆల్ఫాతో మళ్ళీ చేసి, అదితిలో నడుస్తున్న, కూర్చుంటున్న వీడియోతో పాటు నాకు పంపండి. వెయిట్స్ ఉన్న బ్లెండర్ సోర్స్ ఫైల్ కూడా ఇవ్వాలి, అది ఒప్పందంలో ఉన్నదే. అలా చేయలేకపోతే నేను కట్టిన మొత్తం వాపసు చేయండి. సంక్రాంతి కలెక్షన్ పని మొదలయ్యేలోపు, అంటే 15 రోజుల్లో ఏదో ఒకటి తేల్చండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఒక విన్నపం. ఈసారి ఫోన్ ఎత్తేవాళ్ళతో కాకుండా, ఫైల్ మీద నిజంగా పనిచేసే ఆర్టిస్టుతో మాట్లాడించండి. స్క్రీన్ షేర్‌లో పైట ఎక్కడ ఏ బోన్‌కి అంటుకుందో నేనే చూపిస్తాను. చీర కట్టు తెలియకపోతే కుచ్చిళ్ళు ఎలా పోస్తారో, పైట ఎటు పడుతుందో కూడా చూపిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ.

జతపరిచినవి: కొటేషన్, ఇన్వాయిస్ కాపీలు, అదితిలో తీసిన వీడియోలు, వెయిట్ గ్రూపుల స్క్రీన్‌షాట్లు.