చిన్నాకి, ఆ ఉత్తరాల సంగతి

చిన్నా,

ఫోన్లో నీతో మాట్లాడితే నాకు కోపం వచ్చేస్తుంది, కోపంలో చెప్పాల్సింది మర్చిపోతా, ఫోన్ పెట్టేశాక అన్నీ గుర్తొస్తాయి. అందుకే కూర్చుని టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో, కళ్ళజోడు మార్చాలి, ఇంకా మార్చలేదు.

నేను ఉగాండాలో ఒక పిల్లాణ్ణి స్పాన్సర్ చేస్తున్నా కదా, అంటే ఒక సంస్థ ద్వారా వాడి కోసం నెలనెలా డబ్బు కట్టడం. దాని మీద మొన్న నువ్వేమన్నావు, "మమ్మీ నువ్వు పదేళ్ళ పైనుంచి నెలనెలా ఒక ఫోటోకి డబ్బులు కడుతున్నావు, ఆ పిల్లాడు అసలు ఉన్నాడో లేడో నీకు తెలీదు, ఉన్నా వాడికి చేరేది చిల్లర, మిగతాదంతా ఆఫీసులకీ కార్లకీ పోతుంది, పైగా అదంతా మతంలోకి లాగడానికి ఎర" అన్నావు. నేను ఠక్కున ఫోన్ పెట్టేశా. తర్వాత నువ్వు పంపిన లింకులన్నీ చదివా రా. నిజంగా చదివా, మూడు రోజులు పట్టింది. నువ్వనుకున్నట్టు ప్రార్థన చేసుకుని పక్కన పెట్టేయలేదు.

నువ్వన్నదాంట్లో కొంత నిజమే, అది ముందే ఒప్పేసుకుంటున్నా. ఆ చికాగో ట్రిబ్యూన్ అనే అమెరికా పేపర్ సంగతి నాకు ఇంతకుముందు తెలీదు. విలేకరులే మామూలు దాతల్లాగా నాలుగు సంస్థల్లో చేరి, పిల్లల్ని స్పాన్సర్ చేసి, తర్వాత వాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళారంట, 1998లో రాశారు. కొందరు పిల్లలకి అందింది ఏమంత లేదు, ఒక పిల్లయితే చనిపోయి చాలా కాలమైనా ఇక్కడ డబ్బు కట్టేవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అది చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి మన వాడి ఉత్తరాలన్నీ తీసి వరసగా పెట్టి చేతిరాత చూశా, అంత అనుమానం పుట్టింది నాకు! ఆరేళ్ళప్పటి గీతల నుంచి ఇప్పటి దాకా ఆ రాత పెరిగింది రా, అది ఎవడో ఆఫీసులో కూర్చుని రాసింది కాదు. సరే, తల్లి మనసు కదా, నమ్మాలనుకుంటే నమ్మేస్తుంది అంటావు. అందుకే నీకు నచ్చే మాట కూడా చెప్తా.

నువ్వు ఎప్పుడూ డేటా డేటా అంటావుగా. బ్రూస్ వైడిక్ అని ఒక ఎకనామిక్స్ ప్రొఫెసర్, ఇంకో ఇద్దరితో కలిసి 2013లో ఒక పరిశోధన వేశాడు. కంపాషన్ అని మనం కట్టే ఈ క్రైస్తవ సంస్థ దగ్గర చిన్నప్పుడు స్పాన్సర్ అయ్యి ఇప్పుడు పెద్దవాళ్ళయిన వాళ్ళని వెతికి పట్టుకున్నారు, ఉగాండా, కెన్యా, గ్వాటెమాలా, బొలీవియా, ఫిలిప్పీన్స్, ఇండియా, ఆరు దేశాలు, పోల్చి చూసినవాళ్ళతో కలిపి మొత్తం 10,144 మంది. అందులో నాకు నచ్చిన తెలివి ఏంటంటే వాళ్ళని ఎవరితో పోల్చారు అన్నది. ఆ ఊళ్ళో ప్రోగ్రాం మొదలయ్యేటప్పటికి వయసు దాటిపోయిన సొంత అన్నలు, అక్కలతో పోల్చారు. అదే ఇల్లు, అదే అమ్మానాన్న, అదే పేదరికం, తేడా అల్లా ఒకరు వయసుకి అందారు, ఒకరు అందలేదు. అందినవాళ్ళు ఇంచుమించు ఏడాది నుంచి ఏడాదిన్నర ఎక్కువ చదివారు, హైస్కూలు పూర్తి చేసినవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. అయితే ఇది ఒక్క సంస్థ లెక్క, దీన్ని పట్టుకుని అన్ని సంస్థలూ బంగారం అనకూడదు, అనను కూడా. మళ్ళీ అందరూ ఒకేలా పని చెయ్యరు. వరల్డ్ విజన్ లాంటి ఇంకో సంస్థవాళ్ళు మనం కట్టింది పిల్ల చేతికి కాకుండా ఊరికి పెడతారు, నీళ్ళకీ బడికీ ఆస్పత్రికీ. ఫోటోలో ఒక పిల్ల ఉంటుంది, డబ్బు ఊరంతటికీ పోతుంది, అది మోసం కాదు, ముందే చెప్తారు, మనమే చదవం. ఆడిట్ రిపోర్ట్ పెట్టని సంస్థకి మాత్రం పైసా ఇవ్వొద్దు, ఆ విషయంలో నీ మాటే నా మాట.

మతం సంగతికి వస్తా. ఇది నువ్వు నన్ను గుచ్చడానికే అన్నావని తెలుసు, అయినా అడగాల్సిన ప్రశ్నే. బియ్యం బస్తా ఇచ్చి బాప్తిస్మం ఇస్తే అది విశ్వాసం కాదు, బేరం. నేను ఆ మాట చర్చిలో కూడా అన్నా, ఇద్దరు ముగ్గురు మొహం మాడ్చుకున్నారు. మన సంస్థ లోకల్ చర్చిల ద్వారానే పని చేస్తుంది, పిల్లలు వెళ్ళే సెంటర్లో బైబిల్ పాఠం ఉంటుంది, వాళ్ళు అది దాచలేదు, ఏ మతం పిల్లలైనా చేరొచ్చు అని కూడా చెప్తారు. దాచకపోవడం ఒక్కటే సరిపోతుందా అంటే, ఆకలితో ఉన్న తల్లి ముందు నిలబడి అడిగినప్పుడు ఆ తల్లి వద్దనగలదా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. నేను కట్టేటప్పుడు మాత్రం యాకోబు పత్రికలో దిక్కులేని పిల్లల్ని పరామర్శించమన్న మాట పట్టుకుని కట్టా, వాడు ఏ దేవుణ్ణి మొక్కుతాడో వాడిష్టం.

ఇండియాలో ఏమైందో నీకు తెలుసు కదా. విదేశీ విరాళాల చట్టం కింద ముందస్తు అనుమతి కావాలన్నారు, మత మార్పిడికి డబ్బు పోతోందని ప్రభుత్వం అంది, కాదని కంపాషన్ వాళ్ళు అన్నారు, చివరికి 2017 మార్చిలో మూసేసుకుని వెళ్ళిపోయారు. అప్పటికి దాదాపు 1,45,000 మంది పిల్లలు. ఎవరిది రైటో నువ్వూ నేనూ ఇక్కడ కూర్చుని తేల్చలేం. కానీ ఉత్తరాలు ఎందుకు ఆగిపోయాయో ఒక ఎనిమిదేళ్ళ పిల్లకి ఎవరు చెప్పుంటారు రా, ఎలా చెప్పుంటారు?

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ డాడీకి కూడా పూర్తిగా తెలీదు.

2012లో వాణ్ణి తీసుకున్నప్పుడు వాడికి ఆరేళ్ళు, ఉగాండా. ఫోటో ఫ్రిజ్ మీద పెట్టా, నువ్వు "వాడెందుకు నవ్వట్లేదు" అని అడిగావు, గుర్తుందా. నేనూ పాపం దిగులుగా ఉన్నాడనుకుని ఏడ్చా కూడా. తర్వాత తెలిసింది, కెమెరా ముందు బిగుసుకుపోయాడంతే, మీ తాతయ్య పెళ్ళి ఫోటోలో ఎలా ఉన్నాడో చూడు. బ్యాంకులో ఆటో డెబిట్ పెట్టేశా, నెలకోసారి దానంతటదే పోయేది, నాకు గుర్తు కూడా ఉండేది కాదు. వాడి దగ్గర్నుంచి ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు వచ్చేవి. చదివి డ్రాయర్లో పెట్టేదాన్ని. నాలుగేళ్ళు. ఒక్కదానికి జవాబు రాయలేదు చిన్నా. ఏం రాయాలో తెలీక, నా ఇంగ్లీషు చూసి ఎవరైనా నవ్వుతారేమో అని, రేపు రాద్దాంలే అని. డబ్బు కడుతున్నాగా అని లోపల ఒక ధీమా.

2016లో వాడికి పదేళ్ళప్పుడు ఒక ఉత్తరం వచ్చింది. మామూలుగా నేను బాగున్నాను, మీరు బాగున్నారా, మా ఊళ్ళో వానలు అని ఉంటుంది. ఈసారి కింద ఏముందంటే, సెంటర్లో ఉత్తరాలు పంచిన రోజు పక్కవాళ్ళందరికీ వచ్చాయి, నాకు రాలేదు, మీకు ఒంట్లో బాగాలేదని మా టీచర్ చెప్పింది, మీరు తొందరగా కోలుకోవాలని ప్రార్థన చేస్తున్నాను అని. నాకు ఏ జబ్బూ లేదు రా. ఆ టీచరు వాడి మనసు విరగ్గొట్టలేక నాకు జబ్బు అంటగట్టింది. వంటింట్లో నిలబడి చదివా, కాళ్ళు చల్లబడిపోయాయి.

ఆ రాత్రే రాశా. మన ఇల్లు గురించీ కారు గురించీ రాయొద్దని సంస్థవాళ్ళే చెప్తారు, అడ్రస్, ఫోన్ నంబర్ ఇవ్వకూడదు, అంతా వాళ్ళ ద్వారానే వెళ్తుంది, అక్కడ ఎవరో వాళ్ళ భాషలో చదివి చెప్తారు, పిల్లల భద్రత కోసం అలా పెట్టారు, మంచిదే. మరి ఏం రాయను? అప్పుడే నువ్వు బైక్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని కట్టుతో పడుకున్నావు, అదే రాశా. మా అబ్బాయి మాట వినడు, కాలు విరిగింది, రోజంతా నన్ను కేకలేసి పిలుస్తున్నాడు అని. అది చేరడానికి రెండు నెలల పైన పట్టింది, వాడి జవాబు రావడానికి ఇంకో రెండు నెలలు. అప్పటికి నీ కట్టు విప్పేశారు, నువ్వు మళ్ళీ బైక్ ఎక్కేశావు. వాడేమో మీ అబ్బాయి కాలు కోసం మేమందరం ప్రార్థన చేస్తున్నాం అని. తగ్గిపోయిందని నేను రాసేలోపు దారిలో ఇంకో ఉత్తరం, కాలు ఎలా ఉంది అని. అలా ఒకదాన్నొకటి దాటుకుంటూ నీ కాలు ఉగాండాలో రెండేళ్ళు విరిగే ఉంది!

మీ డాడీ ఉద్యోగం పోయిన ఐదు నెలలూ డబ్బు కట్టలేకపోయా. సిగ్గుపడుతూ ఫోన్ చేస్తే పిల్లాణ్ణి తీసెయ్యం, వేరే నిధి నుంచి సర్దుతాం అన్నారు. అప్పుడు నాకు ఒక విషయం అర్థమైంది, డబ్బు ఎవరైనా సర్దగలరు, నా బదులు ఉత్తరం మాత్రం ఎవరూ సర్దలేరు. పుట్టినరోజుకి పంపిన దాంతో వాడు బూట్లూ రెండు కోళ్ళూ కొనుక్కుని కోళ్ళని చంకలో పెట్టుకుని ఫోటో దిగాడు, అందులో నవ్వాడు.

తర్వాత కరోనా. ఉగాండాలో 2020 మార్చిలో బళ్ళు మూసేస్తే 2022 జనవరి దాకా పూర్తిగా తెరవలేదు, ప్రపంచంలో అంత ఎక్కువ కాలం ఎక్కడా మూసి ఉంచలేదంట. వాడు అప్పుడే ఏడేళ్ళ ప్రైమరీ చదువు అయి, పరీక్ష పాసై హైస్కూల్లో చేరాడు, నెల రోజులు వెళ్ళాడో లేదో. ఉత్తరాలు ఆగిపోయాయి. ఏడు నెలలు ఏమీ లేదు. తర్వాత వచ్చిన దాంట్లో ఇటుకల బట్టీలో పనికి వెళ్తున్నానని ఒక్క లైను, అంతే. నాకు గుండె ఆగినంత పనైంది. ఇటుకల్లోకి వెళ్ళిన పిల్లలు మళ్ళీ బడికి వస్తారా? చాలామంది రాలేదు. సెంటర్ వాళ్ళు ఇంటికి సరుకులు పట్టుకెళ్తూ, నా ఉత్తరాలు కూడా చేతికే ఇచ్చేవాళ్ళంట. బళ్ళు తెరిచాక వాడు వెళ్ళాడు. నా ఉత్తరాల వల్ల వెళ్ళాడని నేను అనను, వాళ్ళమ్మ చెవి మెలిపెట్టి పంపుంటుంది, అమ్మలు ఎక్కడైనా ఒకటే. కానీ వాడు రాసింది మాత్రం చెప్తా, "నేను ఏ క్లాసులో ఉన్నానో మీరు అడుగుతారు, ఏమని రాయాలి అని భయం వేసింది" అని.

ఇంకొక్కటి, ఇది నీ లింకుల్లో లేదు, నేనే వెతికా. ఈ కంపాషన్ మొదలైంది 1952లో, కొరియా యుద్ధంలో దిక్కులేని పిల్లల కోసం, స్వాన్సన్ అనే అమెరికా పాస్టర్ పెట్టాడు. అదే కొరియా 2003 నుంచి వేరే దేశాల పిల్లల్ని స్పాన్సర్ చేస్తోంది. కొరియా బాగుపడింది స్పాన్సర్‌షిప్ వల్ల కాదు, దానికి వంద కారణాలున్నాయి, నువ్వు వెంటనే అదే అంటావని తెలుసు. అయినా అప్పుడు తీసుకున్న చేతులే ఇప్పుడు ఇస్తున్నాయని చదివితే నాకు బాగుంది.

ఇక నేను అడిగేది. డబ్బు నీ దగ్గర అడగట్లేదు, నా పెన్షన్ లోంచి పోతుంది, దాని జోలికి రావద్దు. వాడికి ఇప్పుడు హైస్కూలు అయి మోటార్ మెకానిక్ కోర్సులో ఉన్నాడు, ఇంకో రెండేళ్ళలో ప్రోగ్రాం అయిపోతుంది, అయిపోతే ఇక ఉత్తరాలు కూడా ఉండవు, అది వాళ్ళ రూలు. నాకేమో కళ్ళు సరిగ్గా ఆనట్లేదు, అదీ కాక ఇంజన్ల గురించి వాడు రాసేది నాకు ఒక్క ముక్క అర్థం కాదు. పిస్టన్ అంటాడు, క్లచ్ ప్లేట్ అంటాడు, నేను ప్రార్థన చేస్తున్నా బాబూ అని రాస్తా, పాపం వాడికి ఎంత బోరు కొడుతుందో. నీకు బైకులంటే పిచ్చి. వాడి ఉత్తరాలకి నువ్వు రాయి. మీ ఆవిడ కూడా ఒక లైను రాస్తే ఇంకా మంచిది. నమ్మకం లేకపోయినా పర్లేదు, నువ్వు నాతో అన్న ప్రశ్నలు వాడినే అడుగు, మీకు నిజంగా ఏం అందింది అని. వాడికి పందొమ్మిదేళ్ళు దాటాయి, చెప్పగలడు.

పోయిన వారం వచ్చిన ఉత్తరం ఫోటో తీసి పంపుతున్నా. చివర్లో చూడు. "మీ అబ్బాయికి చెప్పండి, కాలు బాగైతే సంతోషం, బండి పాడైతే నేను బాగుచేస్తాను, అది ఏ కంపెనీ బండి?" అని అడిగాడు. అది నాకు తెలీదు. నువ్వే రాయి.

మీ డాడీ అడిగానని చెప్పమన్నారు. టైముకి తిను.

మమ్మీ