డీబీ (ఇంట్లో ఫ్యూజులుండే కరెంటు పెట్టె) మార్పించుకునేవాళ్ల కోసం

అందరికీ నమస్కారం. మన బ్లాకులో కొన్ని ఫ్లాట్లలో ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉన్నాయి. ఏసీ, గీజర్, ఇండక్షన్ స్టవ్ అన్నీ ఉన్న ఇంటికి అవి చాలవు. ఎండాకాలం లోపే మార్పించండి, దయచేసి వాయిదా వేయొద్దు.

ఫ్యూజుల బదులు ఎంసీబీలు వేస్తారు, అంటే లోడ్ ఎక్కువైతే వాటంతటవే పడిపోయే (ట్రిప్ అయ్యే) స్విచ్‌లు. "ఎంసీబీ ఊరికే ట్రిప్ అవుతోంది, 32 ఆంప్స్‌ది వేసేద్దాం" అని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోకండి. ఎంసీబీ ఉన్నదే వైరుని కాపాడటానికి. 2.5 ఎంఎం వైరుకి 32 పెడితే, అది ట్రిప్ అయ్యేలోపే గోడ లోపల వైరు మాడిపోవచ్చు. దానికి 16 లేదా 20 సరిపోతుంది. పెద్ద ఏసీకి విడిగా 4 ఎంఎం లాగించండి.

షాక్ నుంచి మనల్ని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్. పిల్లలున్న ఇళ్లలో అది లేకుండా అసలు వద్దు. 30 మిల్లీఆంప్స్‌దే అడగండి. 100, 300 మిల్లీఆంప్స్‌వి కూడా అమ్ముతారు, అవి షాక్ నుంచి కాపాడేవి కావు. ఆర్‌సీసీబీ మీద 'టీ' (టెస్ట్) బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. బిగించగానే మీరే నొక్కి చూడండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఇన్వర్టర్ న్యూట్రల్ వైరు, మెయిన్ న్యూట్రల్ వైరు కలవకుండా చూడమని ముందే చెప్పండి, పని జరిగేటప్పుడు ఇన్వర్టర్ కూడా ఆపేయండి.

చేయించుకునేవాళ్లు ఫ్లాట్ నంబర్ ఇక్కడ పెట్టండి, అందరికీ కలిపి ఒకేసారి కూలీ మాట్లాడదాం.