మా సకినం గుట్టు రట్టయింది

హనుమకొండ
18 జనవరి 2026, ఆదివారం

ఒరేయ్ బక్కోడా,

తిట్టకు రా. నీ ఉత్తరం దీపావళికి ముందొచ్చింది, సంక్రాంతి దాటినంక జవాబు రాస్తున్న. తప్పే. ఫోన్ల చెప్దామంటే సగం విని ‘ఊ, ఊ’ అంటవ్. వాట్సాప్ల రాస్తే బొటనవేలు గుర్తు పెట్టి ఊకుంటవ్. మా బావ ఇయ్యాల రాత్రి ఫ్లైటుకు షార్జా వస్తున్నడు, సకినాల డబ్బల ఇది పెట్టి పంపుత. గంటల కారొస్తదంట.

అందరం బాగున్నం. బోరు మోటరు కాలింది, చేయించినం. చెల్లె పరీక్షలైనయ్. మొన్న కాజీపేట స్టేషన్‌కు పోయిన, నీ ఎడమ చెప్పు ఇంక దొరకలే. ఇగ అసలు సంగతికొస్త.

మా సకినం గాడు తెల్సు గదా. రెండేండ్ల కింద అమ్మ గుడ్డ మీద చుట్టి పెట్టిన పచ్చి సకినాలు ఆరు మింగి, ఆ గుడ్డ మీదనే చుట్టుకొని పండిన కుక్కపిల్ల. తోక సుత అచ్చం సకినం చుట్టే. అప్పుడు ‘కుక్క గడప దాటొద్దు’ అన్న మా బాపు, ఇప్పుడు వానికి ఫ్యాన్ గాలి సరిగ్గ తగుల్తలేదని తన మంచం పక్కకు జరుపుకుంటున్నడు.

దసరా నుంచి వాడు పొద్దుగాల ఇంట్ల ముద్ద ముడుతలేడు. పాలన్నం పెడితే వాసన జూసి, ఓ నిట్టూర్పు ఇడిసి, గిన్నెకు వీపు పెట్టి పండుకుంటడు. బాపు గుడ్డు ఉడకబెట్టిచ్చిండు, పెరుగు కలిపిండు, చేత్తోటి సుత పెట్టిండు. ఊహూ. ఆఖరికి మొక్కు మొక్కిండు రా! వాడు మంచిగ తింటే ఈసారి మేడారంల సమ్మక్కకు వాని నిలువెత్తు బంగారం, అదే బెల్లం, ఇస్తనని. ఈ నెల 28 నుంచే జాతర. అమ్మ తల కొట్టుకున్నది.

పోయిన వారం జ్వరం బుడ్డి పెట్టి చూసిండు. 101న్నర! ‘అయ్యో, కాలిపోతున్నడు’ అనుకుంట ఆటోల ఏసుకొని పశువుల దవాఖానకు ఉరికిండు. డాక్టరమ్మ నవ్వింది. ‘పెద్దాయనా, కుక్కకు 101 నుంచి 102న్నర దాక మామూలే’ అన్నది. తూకం మీద నిలబెడితే 19 కిలోలు. నిరుడు రేబిస్ సూది ఏయించినప్పుడు కార్డు మీద 16న్నర రాసి ఉన్నది. తిండి మానేసిన కుక్క రెండున్నర కిలోలు పెరిగింది! బాపు అక్కడనే నిలబడి, పెరిగిన బెల్లం ఎంతైతదో లెక్కేసుడు మొదలువెట్టిండు. వచ్చేటప్పుడు ఆమె గట్టిగ చెప్పింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తానికి మంచిగ కాదు, చాక్లెట్, ద్రాక్ష అసలే పెట్టొద్దని.

అప్పుడు నాకు గులాబి రిబ్బన్ యాదికొచ్చింది. నెల కింద వాని మెడల కట్టి ఉండె. చెల్లె పనే అనుకున్న.

పొద్దుగాల చెత్త బండి పాట పెట్టుకొని వస్తది గదా. రెండు గల్లీల అవతల ఉండంగనే వీని చెవులు లేస్తయ్. గేటు కాడ కూసొని, కండ్లు మూసి, మూతి ఆకాశానికి లేపి, పాట యాడ దీర్ఘం తీస్తదో ఆడ్నే తనూ తీస్తడు. బండి ఆగంగనే డ్రైవర్ పక్కసీట్ల ఎక్కి కూసుంటడు, తొమ్మిదింటికి ఇంటికొస్తడు. పాట మీద పిచ్చి అనుకున్నం మేము. కళాకారుడని చుట్టాలకు సుత చెప్పుకున్నం!

తెల్లారి బాపు మంకీ టోపీ పెట్టుకొని నా టీవీఎస్ ఎనక కూసున్నడు. బండి ఎనకనే మెల్లగ పోయినం. రెండో గల్లీల ఓ ముసలవ్వ ‘రాజూ’ అన్నది, వీడు దుంకి పాలల్ల నానిన జొన్నరొట్టె తిన్నడు. మూల మీద టిఫిన్ బండికాడ ‘ఏం మేస్త్రీ’ అన్నరు, రెండు ఇడ్లీలు. మూడో జాగ ఓ చిన్న పిల్ల. ‘స్వీటీ!’ అన్నది. గంత మీసాలున్న మొగోడు రా, తోక ఊపుకుంట పోయిండు! ఆ పిల్ల ఉప్మా పెట్టింది. యాపచెట్టు ఎనక దాసుకున్న మా బాపుకు ఆగలే. ‘బిడ్డా, ఉల్లిగడ్డలు ఏరి పెట్టూ!’ అని కేకేసిండు.

సకినం గాడు తలెత్తిండు. బాపును చూసిండు. నన్ను చూసిండు. మల్ల ఉప్మా దిక్కు తిరిగిండు. నిజం రా, మమ్ముల ఎన్నడు చూడనట్టే! ఆ పిల్ల ‘తాతా, మా స్వీటీ నీకు తెల్సా?’ అన్నది. బాపు ‘కొంచెం తెల్సు బిడ్డా’ అన్నడు.

ఇంటికొచ్చేదాక ఒక్క మాట మాట్లాడలే. తొమ్మిదింటికి వాడొచ్చి గిన్నె ముందల నీరసంగ కూలబడ్డడు. బాపు ‘దొంగ లంగ’ అనుకుంటనే పాలు పోసిండు.

ఇప్పుడు రోజూ బండి ఎనక బాపు సుత పోతున్నడు, ఉల్లిగడ్డల గురించి ఇంటింటికి చెప్పనీకి. రిటైరైన కాంచి ఆయన గేటు దాటింది ఎన్నడు... సరే, నీకు తెల్సిందే.

అసలుది మర్చిన. నిన్న నేను సుత పోయిన. ఇంకో ఇల్లు ఉన్నది రా. మీ ఇల్లు. మీ అమ్మ పాల గిన్నె పట్టుకొని అరుగు మీద కూసున్నది. ‘దా రా బక్కోడా, తిను బిడ్డా, ఎంత చిక్కిపోయినవ్’ అంటున్నది. 19 కిలోల కుక్కను! కడుపు పట్టుకొని నవ్విన. తర్వాత నవ్వు రాలే. నన్ను చూసి ‘వానికి చెప్పకు రా’ అన్నది. నేను చెప్పకుండ ఉంటనా?

కారొచ్చింది, బావ హారన్ కొడ్తున్నడు. డబ్బల పైనున్నయ్ మా అమ్మ చేసిన సకినాలు, కాయితం కింద ఉన్నయ్ మీ అమ్మవి. మీ అమ్మయి ముందు తిను, వాటిల నువ్వులు ఎక్కువ ఏసిం