పరుగు ఆగదు, బూట్లు మారాలి

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

గత గురువారం ఉదయం పరుగు సమయంలో మైదానంలో జరిగినదాని గురించి మీ ఫోన్లలో రకరకాల మాటలు తిరుగుతున్నాయని తెలిసింది. ఎనిమిదో తరగతి అమ్మాయి స్పృహ తప్పి పడిపోయిందని ఒకరు, కాలు చచ్చుబడిందని మరొకరు రాశారట. జరిగింది ఇది. మూడో చుట్టులో ఆ అమ్మాయి పరుగు ఆపి గట్టు మీద కూర్చుంది. "మేడం, కుడి పాదం మొద్దుబారిపోయింది, వేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు" అని వ్యాయామ ఉపాధ్యాయురాలితో చెప్పింది. ఆమె బూటు, మేజోడు తీయించి వేళ్లు ఆడించమన్నారు. కాసేపటికి చీమలు పాకినట్టు తిమ్మిరి ఎక్కి, పది నిమిషాల్లో స్పర్శ తిరిగి వచ్చింది. మొదటి పీరియడుకు ఆ అమ్మాయి తరగతిలోనే ఉంది. సాయంత్రం ఇంటివాళ్లు డాక్టరుకు చూపిస్తే, భయపడవలసింది ఏమీ లేదన్నారు.

కారణం బూటులో దొరికింది. ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయని ఒకటిన్నర సైజు పెద్ద బూట్లు కొన్నారు. అవి జారిపోకుండా లేసులు బలంగా బిగించి రెండు ముడులు వేశారు. పాదం పైభాగంలో కండ చాలా తక్కువ. నరాలు చర్మం కిందనే వేళ్ల వరకు వెళతాయి. లేసు సరిగ్గా వాటి మీద నొక్కుకుంది. దానికి తోడు పరుగెత్తే కొద్దీ పాదం కొంచెం ఉబ్బుతుంది. ఇంటి దగ్గర సరిపోయిందనిపించిన ముడి మూడో చుట్టుకు ఉచ్చు అవుతుంది. బూటు ముందు భాగం ఇరుకైనా ఇదే బాధ. వేళ్ల ఎముకల మధ్య నుంచి వెళ్లే నరాలు, ముఖ్యంగా మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య ఉన్నది, నలుగుతాయి. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు తెలియకుండానే వేళ్లు ముడిచి నేలను పట్టుకోవాలని చూస్తారు. అదీ తిమ్మిరికి దారి తీస్తుంది.

మరునాడు మేము పిల్లలందరి బూట్లూ చూశాం. చెప్పక తప్పదు, నాకు బాధ కలిగింది. ఒక బాబు బూటు ముందు భాగంలో దూది కుక్కి ఉంది. మరో పాప బొటనవేలు బూటులో మడతపడి ఉంది. గోరు నల్లబడినా ఇంట్లో ఎవరూ చూడలేదట. చాలామంది తోలు బూట్లతోనే పరుగెత్తుతున్నారు. మీరంతా పిల్లల మీద ప్రాణం పెట్టుకున్నవారే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. అయినా ఒక మాట అడుగుతాను. ఫోను కొనేటప్పుడు మూడు దుకాణాలు తిరుగుతాం కదా, పిల్లల బూట్లకు మాత్రం దారంతో కొలత తీసుకుని ఒక్కరమే ఎందుకు వెళతాం? దయచేసి పిల్లలను వెంట తీసుకువెళ్లండి. పాదాలు కొంచెం ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లండి. వాళ్లు రోజూ వేసుకునే మేజోళ్లతోనే తొడిగి, నిలబెట్టి చూడండి. పొడవాటి వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు కాబట్టి పెద్దదాన్ని బట్టి కొనండి. ఖరీదైనవి అక్కర్లేదు.

లేసులు మీరు కట్టకండి. పదేళ్లు దాటిన పిల్లలు తామే కట్టుకోగలరు, ఎక్కడ నొక్కుతోందో వాళ్లకే తెలుస్తుంది. పాదం పైన నొక్కుతుంటే అక్కడి ఒక జత కన్నాలు వదిలేసి పై కన్నాల్లోకి లేసు ఎక్కించుకోవడం మేము నేర్పించాం. తిమ్మిరి మొదలైతే ఆగాలి, లేసు వదులు చేయాలి, వేళ్లు ఆడించాలి. బిగబట్టి పరుగెత్తవద్దు. మొద్దుబారిన పాదాన్ని వేడినీళ్లలో పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉందని పిల్లలు చెప్పారు. దయచేసి మానండి, స్పర్శ లేని పాదానికి కాలినా తెలియదు.

బూటు తీసి అరగంట గడిచినా స్పర్శ రాకపోయినా, ఊరికే కూర్చున్నప్పుడు కూడా తిమ్మిరి వస్తున్నా, నడుము నుంచి కాలిలోకి నొప్పి దిగుతున్నా, పాదం ఈడుస్తున్నా, చల్లబడి పాలిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మధుమేహం ఉన్న పిల్లల గురించి మాకు ముందే చెప్పండి.

ఇక అసలు సంగతి. ఈ సంఘటన తరువాత కొందరు పరుగు మాన్పించమని రాశారు. ఇద్దరు ముగ్గురు, కనీసం ఆడపిల్లలనైనా మినహాయించమన్నారు. ఆ ఉత్తరాలు చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేసు బిగిసినందుకు అమ్మాయిల మైదానం తీసేస్తామా? వరంగల్ జిల్లా కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో, మేధో వైకల్యం ఉన్నవారి విభాగంలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ఆ విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత. మన పిల్లలందరూ పతకాలు తేవాలని నేను అనడం లేదు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు వంచే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గేటు దాకా స్కూటరు మీద దిగి, సాయంత్రం ట్యూషన్‌లో కూర్చుని, రాత్రి పదకొండు దాకా ఫోను చూసే పిల్లకు ఆ అరవై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఉదయం ఇరవై నిమిషాల పరుగు మేము ఇస్తాం, దాన్ని మాత్రం అడ్డుకోకండి. ఇకపై కొత్తవారికి ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం.

జూన్‌లో ఒక్క చుట్టు కూడా పూర్తి చేయలేకపోయిన పదో తరగతి అమ్మాయి ఈ వారం ఆగకుండా రెండు కిలోమీటర్లు పరుగెత్తింది. చివర వచ్చే చిన్నవాడి కోసం ఏడో తరగతి కుర్రాళ్లిద్దరు రోజూ వేగం తగ్గించి పక్కనే పరుగెత్తుతున్నారు. వాళ్లను ఎవరూ అడగలేదు. ఇక గురువారం గట్టు మీద కూర్చున్న అమ్మాయి సోమవారం సరైన బూట్లతో వచ్చి, పరుగుకు ముందు ఆరో తరగతి పిల్లలను వరుసగా కూర్చోబెట్టి లేసులు ఎలా కట్టుకోవాలో చూపించింది. ఆ దృశ్యం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అర్ధసంవత్సర పరీక్షల పట్టిక డైరీలో అంటించాం, బస్సు రుసుముకు గడువు నెలాఖరు, నీళ్ల సీసాల మీద పేర్లు రాయండి.

శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు వ్యాయామ ఉపాధ్యాయురాలు, నేను మైదానం పక్క గదిలో ఉంటాం. పిల్లలను, వాళ్ల బూట్లను తీసుకురండి. కాగితం మీద పాదం గీసి కొలత రాసి ఇస్తాం, దుకాణానికి ఆ కాగితం తీసుకువెళ్లవచ్చు. పొట్టివైపోయినా బాగున్న బూట్లు ఇంట్లో ఉంటే అవీ తెండి. ఆరో తరగతిలో వాటి అవసరం ఉన్న పిల్లలున్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు