చేతిపనుల బృందం వార్షిక నివేదిక: క్రోధి ఉగాది నుంచి విశ్వావసు ఉగాది దాకా

సభ్యులందరికీ నమస్కారం.

మన బృందం సంవత్సరం ఉగాదితో మొదలై ఉగాదితో ముగుస్తుంది. కాబట్టి ఈ నివేదిక 2024 ఏప్రిల్ 9 నుంచి 2025 మార్చి 30 దాకా జరిగిన పనుల గురించి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. నేను పనుల గురించే చెబుతాను. అందులోనూ బొంతల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఈ ఏడాది వరదల్లో విజయవాడ పడ్డ కష్టానికీ మన చేతులకూ ముడివేసినవి అవే.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక నియమం పెట్టుకున్నాం. మనం చేసిన వస్తువును బంధువులకో స్నేహితులకో ఇచ్చినప్పుడు, దాన్ని చేసే పద్ధతిని కూడా ఆ ఇంట్లో కనీసం ఒకరికి నేర్పాలి. వస్తువు మాత్రమే ఇచ్చి చేతులు దులుపుకుంటే, అది పాడైన రోజున ఆ ఇంట్లో దాని కథ ముగిసిపోతుంది. నేర్పితే ఆ ఇంటి నుంచి మరో ఇంటికి వెళుతుంది. ఎవరికి అంత తీరిక ఉంటుందని అప్పట్లో కొందరు సందేహించారు. సందేహించినవారిలో ఇద్దరు ఈ ఏడాది అందరికంటే ఎక్కువ మందికి నేర్పారు. ఆ మాట రికార్డులో ఉండాలని ఇక్కడ రాస్తున్నాను.

వేసవి సెలవులు

ముంజెల కాలంలో పిల్లలను కూర్చోబెట్టడానికి తాటిచెట్టును మించిన గురువు లేదు. గుడివాడ వైపు నుంచి బంధువుల ద్వారా ఆకు తెప్పించాం. బుట్టలకు మొవ్వాకు, అంటే ఇంకా విచ్చుకోని లేతాకు కావాలి, గిలకలకూ బూరలకూ పచ్చాకు సరిపోతుంది. మొదటి వారం పిల్లలు గిలకలతో వీధులన్నీ తిరిగారు. రెండో వారం తాటాకు పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ చేసి, బాసికాలు కట్టి, పానకంతో సహా బొమ్మల పెళ్లి జరిపించారు. ముంజెలు తీసేసిన కాయలు రెండింటికి మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసే బండిని తాతలే నేర్పారు. ఆ బండి కోసం ముంజెలు తినడం పిల్లలకు ఏమాత్రం కష్టం కాలేదు.

మొవ్వాకు బుట్ట మాత్రం పెద్దలకు కూడా అంత సులువుగా లొంగలేదు. అడుగు అల్లడం వచ్చాక మూల మలచడం దగ్గర చాలామంది ఆగిపోయారు. వచ్చే వేసవిలో అల్లికను మూల నుంచే మొదలుపెట్టి నేర్పాలని అనుకుంటున్నాం.

వరద, బొంతలు

సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్లోకి వచ్చేసింది. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. ఆ వైపు ఉండే మన సభ్యుల ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. ఆ వారమంతా మనకు చేతిపని అంటే అన్నం పొట్లాలు కట్టడమే. ఆ వివరాలు సంక్షేమ విభాగం వారి నివేదికలో ఉన్నాయి.

ఏడో తేదీన వినాయక చవితి వచ్చింది. ప్రతి ఏటా హాల్లో అందరం కలిసి మట్టి గణపతులను చేస్తాం. ఈసారి నీళ్లు రాని వీధుల వాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు చేసి, నీళ్లు వచ్చిన ఇళ్లకు పత్రితో సహా చేరవేశారు. ఇల్లు ఇంకా కడుక్కుంటూనే, ఒక్క గది శుభ్రం చేసుకుని పూజ చేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ బొమ్మలు మోసిన కుర్రవాళ్లందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

నీళ్లు తీశాక ఇనప్పెట్టెలు, బీరువాల కింది అరలు తెరిచి చూస్తే గుండె తరుక్కుపోయింది. పట్టుచీరల రంగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఒండ్రు పట్టిన నూలు చీరలను వాకిట్లో కుప్పలు పోసి, పారిశుద్ధ్య సిబ్బంది వస్తే ఎత్తుకుపోతారని ఎదురుచూస్తున్నారు. పాయకాపురంలో ఉండే మన పెద్దావిడ ఒకరు, తన ఇల్లే మునిగినా, ఆ కుప్పల దగ్గర నిలబడి అడ్డుపడ్డారు. నూలు మొండిది, ఉతికి చూద్దాం అన్నారు. మనం ఈ ఏడాది కుట్టిన బొంతలన్నీ ఆ ఒక్క మాట నుంచి వచ్చాయి.

ఉతకడమే సగం పని. ముందు సబ్బు ముట్టుకోకుండా, ఒండ్రు వదిలేదాకా ఉత్త నీళ్లలో జాడించాం. నీళ్లు తేటపడ్డాకే సబ్బు పెట్టాం. రంగు దిగేవాటిని మొదటే వేరు చేశాం. ముక్కిన వాసన పోవడానికి ఎండ తప్ప వేరే మందు దొరకలేదు. మేడల మీద వరుసగా ఆరేసి, మబ్బు పట్టినప్పుడల్లా పరుగెత్తి తీసుకొచ్చి, మళ్లీ ఆరేశాం.

కుట్టే పద్ధతిని కొత్త సభ్యుల కోసం వివరంగా రాస్తున్నాను. చిరుగులున్న చీరలు లోపలి పొరలకు, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ. నేల మీద పరిచి, ముడతలు లేకుండా మధ్య నుంచి అంచుల వైపు అరచేత్తో నిమరాలి. మూలల్లో బరువులు పెట్టి, ముందు జానెడు దూరంలో పెద్ద టాకాలు వేయాలి. ఈ టాకాలు తర్వాత తీసేసేవే అయినా, వీటిని చిన్నచూపు చూస్తే పొరలు జారి బొంత ఒక పక్కకు వంకర తిరుగుతుంది. ఆ తర్వాత అసలు కుట్టు. దారానికి మైనం రాస్తే చిక్కుపడదు. మధ్యలో మొదలుపెట్టి బయటికి వరుసలు వేసుకుంటూ రావాలి. దారాన్ని బిగిస్తే బట్ట ముడుచుకుంటుంది, వదిలేస్తే కుట్టు వేళ్లకు తగులుకుంటుంది. చేతికి ఆ పట్టు రావడానికి ఒక వరుస చాలదు, ఒక బొంత కావాలి. కుట్టు కనపడకుండా వేయాలా అని ఒక అమ్మాయి అడిగితే, “కనపడాలమ్మా, దాచుకోవడానికి అదేమైనా తప్పుపనా?” అన్నారు ఆ పెద్దావిడ. అప్పటి నుంచి ముదురు రంగు దారమే వాడుతున్నాం.

ఒక బొంత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సింగ్‌నగర్ సభ్యురాలి ఇంట్లో ఆమె అత్తగారి మంగళగిరి చీర ఉంది. జరీతో గోపురాల వరుస నేసిన నిజాం అంచు చీర అది. ఒంటి భాగం మరకలు పడి, మడతల దగ్గర చిరిగిపోయింది. అంచు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అంచును విడదీసి బొంతకు నాలుగు వైపులా చట్రంలా వేశారు. మరక పడ్డ బట్టను పారేయకుండా లోపలి పొరగా పెట్టారు. అత్తగారు చూసి, తన చీర ఎక్కడుందో తడిమి తడిమి పోల్చుకున్నారు. ఇప్పుడు ఆ బొంత మునిమనవడి ఉయ్యాలలో ఉంది. ఆ ఇంటి కోడళ్లిద్దరూ బొంత కుట్టడం నేర్చుకున్నారు కాబట్టి మన నియమం కూడా నెరవేరింది.

మిగతా బొంతలు పరుపులు పోగొట్టుకున్న ఇళ్లకు ముందుగా వెళ్లాయి. ఆ తర్వాత పసిపిల్లలున్న ఇళ్లకు. అమెరికాలో ఉన్న పిల్లల కోసం చిన్నవి కుట్టినవారూ ఉన్నారు. పార్శిల్ ఖర్చు బరువును బట్టి ఉంటుంది కాబట్టి వాటికి మూడు పొరలతో సరిపెట్టుకున్నారు.

అమ్మాలా, వద్దా

దసరా రద్దీలో బీసెంట్ రోడ్డు దగ్గర ఒక దుకాణం పెట్టి బొంతలు అమ్మితే వరద బాధితులకు డబ్బు సమకూరుతుందని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. మంచి ఉద్దేశంతో వచ్చిన ప్రతిపాదనే. కార్యవర్గంలో చాలాసేపు చర్చ జరిగింది. చివరికి వద్దనుకున్నాం. రోజులు పట్టే కుట్టుపనికి న్యాయమైన ధర పెడితే కొనేవారు ఉండరు, కొనే ధర పెడితే కుట్టినవారికి అన్యాయం జరుగుతుంది. అమ్మకం మొదలైతే త్వరగా ముగించాలన్న తొందర వస్తుంది, నేర్పడానికి ఓపిక మిగలదు. నా అభిప్రాయం కూడా ఇదే. బాధితుల కోసం విరాళాలు విడిగా వసూలు చేశాం. చేతిపనితో ఇల్లు గడుపుకోవాలనుకునే సభ్యులు డ్వాక్రా సంఘాల ప్రదర్శనల్లో తమ పేరుతో అమ్ముకోవడానికి మన బృందం అడ్డు చెప్పదు, చేతనైన సాయం చేస్తుంది. ఈ రెండింటినీ కలపవద్దన్నదే నిర్ణయం.

కొండపల్లి, కొలువు

సంక్రాంతి బొమ్మల కొలువుకు ముందు పిల్లలను కొండపల్లి తీసుకువెళ్లాం. ఊరికి ఇంత దగ్గరలో ఉన్నా బొమ్మ ఎలా తయారవుతుందో చూసినవారు మనలోనే తక్కువ. తెల్ల పొనికి కర్రను చేతిలో పెడితే పిల్లలు నమ్మలేదు, అంత తేలిక. ఒళ్లు వేరుగా, చేతులు కాళ్లు వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ముక్కు, ముడి, నగలు కూడా ఆ మక్కుతోనే తీర్చిదిద్దుతారు. ఆకురాయితో నున్నగా చేసి, తెల్ల పూత వేసి, ఆ మీద రంగులు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, అంబారీ ఏనుగు, దశావతారాలు... పిల్లల కళ్లు ఎక్కడ నిలిచాయో వేరే చెప్పాలా?

అక్కడి కళాకారుడు ఒకరు మన పిల్లలకు మక్కు కలపడం చూపించారు. ఇంటికి వచ్చాక దాన్ని మనవాళ్లు అలాగే చేశారు. చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, సన్న మంట మీద చిక్కబడేదాకా ఉడికించాలి. వడ్రంగి దుకాణం నుంచి జల్లించిన పొట్టు తెచ్చి కలపాలి. అటకల మీద నుంచి చెయ్యి విరిగిన బొమ్మలు, తొండం ఊడిన ఏనుగులు దిగివచ్చాయి. జనవరి మొదటి ఆదివారాలు మరమ్మతులతోనే సరిపోయాయి. అమ్మమ్మల కాలం నాటి బొమ్మలు కొలువులో కొత్తవాటి పక్కన నిలబడ్డాయి. అతుకు కనపడే బొమ్మలను పై మెట్ల మీదే పెట్టిన ఇళ్లు చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

కొత్త బొమ్మలు కావలసినవారు కళాకారుల దగ్గరే కొనాలనీ, బేరం ఆడకూడదనీ సభ్యులను కోరాం. పొనికి కర్ర దొరకడమే వాళ్లకు ఏటేటా కష్టమవుతోంది. పిల్లలకు నేర్పుతున్నాం కదా అని కొండపల్లి బొమ్మకు నకళ్లు తయారుచేసి పంచే ఆలోచన మనకు లేదు. అది వాళ్ల జీవనం. మరమ్మతు వరకే మన పని.

ఇతర పనులు

పెడనకు వెళ్లినవారు కలంకారీ అద్దకం చూసి వచ్చారు. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, బెల్లం నీళ్లలో ఇనుము ఊరబెట్టి తీసిన కసింతో టేకు అచ్చు వేస్తే, అది కళ్లముందే నల్లబడింది. ఆ నలుపు కరక్కాయ వల్ల వస్తుందని తెలిసిన తొమ్మిదో తరగతి అమ్మాయి బడిలో దాని మీదే ప్రాజెక్టు చేసింది. ఇంట్లో మనం చేసినవి చేతిరుమాళ్లే. బంగాళదుంప మీద చెక్కిన అచ్చులు రెండు వాడకాలకు మెత్తబడ్డాయి. చెక్క అచ్చులు కొనడానికి వచ్చే ఏడాది కొంత సొమ్ము కేటాయించమని కోరుతున్నాం.

నరసాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి ఆడపడుచు ఒకరు మన బృందంలో ఉన్నారు. ఆమె మనవరాలికి వారం వారం ఫోనులో వీడియో పెట్టుకుని అల్లిక నేర్పుతున్నారు. సూది పట్టిన వేళ్లే తెరనిండా కనపడేలా ఫోనును డబ్బాకు ఆనించి పెట్టుకుంటారు. ఇటు తెల్లవారేసరికి అటు రాత్రి. ఆ పిల్ల మొదట అల్లిన గిన్నె మూత ఉగాది సమావేశంలో అందరి చేతులూ తిరిగింది.

రైల్వేలో పనిచేసి విరమించిన సభ్యుడు వామనగుంటల పీటలు చెక్కి ఇస్తున్నారు. గవ్వలు, చింతగింజలు మనమే పట్టుకెళ్లాలి.

లోటు ఒకటుంది. పిల్లలు వస్తున్నారు, పెద్దలు వస్తున్నారు, ఇరవై నుంచి ముప్పై అయిదేళ్ల వాళ్లు రావడం లేదు. ఉద్యోగాల వేళలు అలా ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం బదులు రాత్రి భోజనాల తర్వాత ఒక గంట పెడితే ఎలా ఉంటుందో ఈ సమావేశం తేల్చాలి. హాలు తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా అందులో భాగమే.

రాబోయే వర్షాకాలానికి ముందే ప్రతి బొంతనూ, ప్రతి కొలువు పెట్టెనూ పై అరల్లోకి ఎక్కించే పని జూన్‌లో పెట్టుకుంటున్నాం. ఒంటరిగా ఉండే పెద్దల ఇళ్లకు కుర్రవాళ్లను పంపుతాం, పేర్లు ముందుగా ఇవ్వండి. ఇంట్లో వాడని పాత నూలు చీరలు, పంచెలు ఉంటే ఉతికి, పొడిగా, నెల మొదటి ఆదివారం హాలుకు తీసుకురండి. పాలియెస్టర్ వద్దు.

కార్యదర్శి
చేతిపనుల బృందం, విజయవాడ