ఆదివారం బొమ్మల ముచ్చట: వైద్యం, మరణం, కళ

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు కూకట్‌పల్లిలో మన క్లబ్ హౌస్‌లోనే కలుద్దాం. ప్రొజెక్టర్ మీద ఫొటోలు చూస్తూ మాట్లాడుకుంటాం. ఏడున్నరకి టీ, సమోసా.

బ్రిటిష్ కళాకారులు డేమియన్ హర్స్ట్ 1991లో ఫార్మాల్డిహైడ్ (శరీరాలు కుళ్లకుండా ఉంచే ద్రవం) తొట్టెలో పెట్టిన సొరచేప, మార్క్ క్విన్ సుమారు నాలుగున్నర లీటర్ల తన రక్తాన్నే ఫ్రీజ్ చేసి తయారుచేసిన తన తల బొమ్మ చాలామందికి తెలిసినవే. త్వరగా చూసేద్దాం.

ఎక్కువ సమయం క్రిస్టీన్ బోర్లాండ్‌కి. ఈ స్కాట్లాండ్ కళాకారిణి 1994లో వైద్యవిద్య కోసం అమ్మే ఒక అస్థిపంజరం కొన్నారు. ఫోరెన్సిక్ నిపుణుల సాయంతో దాని ముఖం తిరిగి రూపొందించి కంచులో పోత పోయించారు. ఆ ఎముకలు ఒక ఆసియా యువతివని తేలింది. పేరు తెలియదు. మన దేశం నుంచి మనిషి అస్థిపంజరాల ఎగుమతిని ప్రభుత్వం 1985లో నిషేధించింది. అంతవరకూ అది పెద్ద వ్యాపారమే. అది తెలిశాక నాకా ముఖం పరాయిదిగా అనిపించలేదు. మీరూ తప్పక చూడాలి.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు పేరు, ఎంతమందో ఇక్కడే పెట్టండి, కుర్చీలు చెప్పాలి.

మెడిసిన్ చదివినవాళ్లు డిసెక్షన్ హాల్లో (శవాలను కోసి నేర్చుకునే గదిలో) మొదటిరోజు గురించి ఐదు నిమిషాలు మాట్లాడితే ఎంతో బాగుంటుంది. నాకు విడిగా మెసేజ్ చేయండి.

చిన్నపిల్లల్ని తీసుకురావద్దు. ఈమధ్య అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో మాట: సెల్లార్‌లో పార్కింగ్ లేదు. మెట్రోలో వచ్చేవాళ్లు కేపీహెచ్‌బీ స్టేషన్‌లో దిగండి.