నర్సింగ్ పాఠ్యపుస్తకంలోని తప్పులపై ప్రచురణకర్తలకు ఫిర్యాదు

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం మీరు వేసిన అనాటమీ, ఫిజియాలజీ, వైద్య పరిభాష పుస్తకంలోని తప్పులు, పుస్తకాల మార్పిడి గురించి.

అయ్యా,

నేను ఖమ్మం జిల్లాలో ఒక నర్సింగ్ స్కూల్లో 11 ఏళ్లుగా అనాటమీ, ఫిజియాలజీ చెబుతున్నాను. మా దగ్గర చేరే పిల్లల్లో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లే. ధమని, సిర, కర్ణిక, జఠరిక అంటే చటుక్కున అందుకుంటారు. అదే ఇంగ్లిష్‌లో అడిగితే గొంతు పెగలదు. పరీక్ష మాత్రం ఇంగ్లిష్‌లోనే రాయాలి. రెండు మాటలూ పక్కపక్కనే ఇచ్చిన మీ పుస్తకం వచ్చిందని తెలిసి అందరికంటే ముందు సంతోషించింది నేనే. ఒక్కోటి 540 రూపాయల చొప్పున 38 పుస్తకాలకు 20,520 రూపాయలు పిల్లల దగ్గర పోగుచేసి తెప్పించాను. కొనమని చెప్పింది నేను కాబట్టి ఈ ఉత్తరం రాయడం కూడా నా బాధ్యతే.

మొదట గుండె బొమ్మ సంగతి. శరీరం బొమ్మ వేసినప్పుడు రోగి మనకెదురుగా ఉన్నట్టు వేస్తారు. రోగి ఎడమవైపు పేజీలో మన కుడిచేతి వైపు వస్తుంది. ఈ ఒక్క సంగతి పిల్లల తలకెక్కించడానికే నాకు వారం పడుతుంది. మీ పుస్తకంలో బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పేసి, పేర్లను మాత్రం పాతచోటే ఉంచేశారు. దాంతో గుండె మొన రోగి కుడివైపుకు తిరిగింది. మందపు గోడ ఉన్న గది పక్కన ‘కుడి జఠరిక’ అని పడింది. ఎడమ జఠరిక ఒళ్లంతటికీ రక్తం తోయాలి కాబట్టి దాని గోడ కుడిదానికంటే దాదాపు మూడింతలు మందంగా ఉంటుందని, కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు పంపితే చాలని నేను బోర్డు మీద చెప్పిన మర్నాడే ఒకమ్మాయి పుస్తకం పట్టుకొచ్చింది. “మేడమ్, బొమ్మలో కుడిదే లావుగా ఉంది కదా” అంది. మూడు రెక్కల కవాటం కుడివైపు, రెండు రెక్కలది ఎడమవైపు ఉండాలి. బొమ్మలో అవీ తారుమారే.

ఆ అమ్మాయి అడిగింది కాబట్టి సరిపోయింది. అడగని పిల్లలు మరో 37 మంది ఉన్నారు. వాళ్లలో ఒకరు మొదటి వార్డు పోస్టింగులో గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోపును రోగి కుడి రొమ్ము కింద పెట్టింది. ఎడమవైపు అయిదో పక్కటెముకల సందులో, మెడ ఎముక మధ్య నుంచి కిందికి గీత గీస్తే తగిలే చోట పెట్టాలని పక్కనున్న స్టాఫ్ నర్సు సరిచేసింది. అందరి ముందూ మాట పడింది ఆ పిల్ల. పుస్తకంలో చూసిందే చేసింది.

అదే బొమ్మలో పుపుస ధమనికి ఎరుపు, పుపుస సిరలకు నీలం వేశారు. ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం అని చిన్న క్లాసుల్లో నేర్చుకున్న మాటను వదిలించడానికి మేం పడే పాట్లు మీకు తెలియవు. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర. ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ప్రాణవాయువు తక్కువగా ఉన్న రక్తమే ఉంటుంది, కాబట్టి దానికే నీలం వేయాలి. రంగులు వేసినవారు పేరు చూసి వేశారే తప్ప ఏ రక్తం ఎటు పోతుందో చూడలేదు.

ఇక పరిభాష అధ్యాయం. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. ఇంగ్లిష్ మాటలను తెలుగు లిపిలో మాత్రమే ఇచ్చి, రోమన్ లిపిలో అసలు ఇవ్వలేదు. చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే, తుంటి ఎముక పై భాగమూ ఇలియమే. ఇంగ్లిష్‌లో మూడో అక్షరం ఒకచోట ఈ, మరోచోట ఐ. మన లిపిలోకి వచ్చేసరికి ఆ తేడా మాయమైంది. బి12 విటమిన్ ఒంటికి పట్టేది పేగులోని ఇలియంలో. పరీక్ష కోసం ఎముక మూలుగ తీసేది తుంటి దగ్గరి ఇలియం నుంచి. మీ పదసూచికలో రెండింటికీ కలిపి ఒకే మాట, దాని ఎదుట రెండు పేజీ నంబర్లు. “మూలుగ పేగులోంచి తీస్తారా మేడమ్?” అని అడిగిన పిల్లను నేనెలా కోప్పడను? ‘ఈట్’లో ఉన్న ఈ అక్షరమే పేగులోనూ ఉంది, తిన్నది అక్కడికే పోతుంది అని గుర్తు చెప్పాను. ఇలాంటి ఒక్క వాక్యం మీ పుస్తకంలో ఉంటే ఎంత బాగుండేది.

మింగడం కష్టం కావడానికి డిస్ఫేజియా అంటారు. మాట్లాడటం కష్టం కావడానికి డిస్ఫేసియా. మీరు రెండుచోట్లా డిస్ఫేజియా అనే వేశారు. పక్షవాతం వచ్చిన మనిషికి నోటితో నీళ్లు పట్టవచ్చా లేదా అన్నది ఈ ఒక్క అక్షరం మీద ఆధారపడుతుంది.

శస్త్రచికిత్సల పేర్ల చివర వచ్చే ఆటమీ, ఎక్టమీ, ఆస్టమీ మూడింటికీ ‘కోసి తీసేయడం’ అనే అర్థం ఇచ్చారు. మొదటిది కోయడం, రెండోది కోసి తీసేయడం, మూడోది కోసి దారి పెట్టడం. స్టోమా అంటే గ్రీకులో నోరు. తెలుగులో ఇంత తేటగా చెప్పగలిగినదాన్ని ఒకే ముద్ద చేశారు. దీని ఫలితం నేను కళ్లారా చూశాను. సర్జికల్ వార్డులో కొలాస్టమీ చేసిన మనిషి భార్య మా స్కూలు అమ్మాయిని “ఏం చేశారమ్మా మా ఆయనకు?” అని అడిగింది. “పెద్దపేగు తీసేశారమ్మా” అని చెప్పింది మా అమ్మాయి. ఆ తల్లి అక్కడే కూలబడిపోయింది. నిజానికి పేగును పొట్ట మీదికి తెచ్చి దారి పెట్టారు, కొన్ని నెలలకు మళ్లీ లోపల కలిపేస్తామని డాక్టరు ముందే చెప్పారు కూడా. నేను వెళ్లి మలం చేరే సంచీ చూపించి, వేలితో పొట్ట మీద గీసి చెబితే గానీ ఆమె తేరుకోలేదు.

హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. మీ పట్టికలో ఆ రెండు అర్థాలూ తారుమారయ్యాయి. హైపోగ్లైసీమియా ఎదుట ‘రక్తంలో చక్కెర పెరగడం’ అని ఉంది. జనం షుగర్ డౌన్ అయిందనేది దీన్నే. డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తేడా వస్తుంది. ఆ సమయంలో ఇవ్వాల్సింది గ్లూకోజు. పెరిగిందనుకుని ఇన్సులిన్ ఇస్తే మనిషి దక్కకపోవచ్చు. ఈ పేజీ చూసిన రోజే క్లాసులో 38 పుస్తకాలూ తెరిపించి, ఎర్ర పెన్నుతో నా ఎదుటే దిద్దించాను.

వెన్ను నరాలు 33 జతలని రాశారు. పూసల లెక్కతో కలిపేసినట్టున్నారు. పుట్టినప్పుడు పూసలు 33, పెద్దయ్యాక కొన్ని అతుక్కుని 26. నరాలు మాత్రం 31 జతలే. మిగిలిన చిన్న తప్పులను పేజీ నంబర్లతో విడిగా రాసి ఈ ఉత్తరానికి జత చేశాను.

ఈ ఉత్తరం కంటే ముందు మీ పంపిణీదారుకు ఫోన్ చేశాను. “పిల్లలు ఇంగ్లిష్ పుస్తకం కూడా చూసుకోవాలి కదా మేడమ్” అన్నారు. అది చదవలేకే కదా వాళ్లు ఇది కొన్నది? కూలికి వెళ్లే తల్లిదండ్రులు పంపిన డబ్బుతో కొన్నారు. అట్ట మీద మీరు ‘నిపుణులు పరిశీలించినది’ అని వేశారు. ఆ పరిశీలన ఎవరు చేశారో, అచ్చుకు ముందు చివరి ప్రతిని ఎవరు చదివారో నాకు రాతపూర్వకంగా చెప్పండి.

పిల్లల తరఫున అడిగేవి ఇవి. ఈ ముద్రణను వెంటనే అమ్మకం నుంచి ఆపండి. ఇప్పటికే కొన్న స్కూళ్లన్నింటికీ సవరణల పత్రం ముందుగా పంపండి, హైపో, హైపర్ పట్టికా గుండె బొమ్మా అందులో మొదటి పేజీలోనే ఉండాలి. మా 38 పుస్తకాలకు బదులు దిద్దిన ముద్రణ ఇవ్వండి, కుదరకపోతే డబ్బు తిరిగి ఇవ్వండి. కొత్త ముద్రణలో ప్రతి మాటకూ తెలుగు పేరు, తెలుగు లిపిలో ఉచ్చారణ, రోమన్ అక్షరాలు మూడూ ఉండాలి. అచ్చుకు ముందు ప్రతి పంపితే పైసా తీసుకోకుండా నేనే చదివి ఇస్తాను.

30 రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. పిల్లల సంతకాలు, బిల్లు నకలు, తప్పులున్న పేజీల ఫొటోలు సిద్ధంగా ఉన్నాయి. పిల్లలకు నవంబరులో మళ్లీ వార్డు పోస్టింగు ఉంది. సవరణల పత్రం ఆలోపు చేరేలా చూడండి.

ఇట్లు,
అనాటమీ, ఫిజియాలజీ ట్యూటర్,
ఖమ్మం జిల్లా

జతపరచినవి: తప్పుల జాబితా, బిల్లు నకలు